అరిగిన సగం మోకాలు

ప్రత్యేక సంచికకు ఆరోగ్యంపై ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, నేను డాక్టరును కాను, ముప్పై రెండేళ్ళు ట్రెజరీలో బిల్లులు పాసుచేసినవాణ్ణి అన్నాను. "మీ మోకాలి గురించే వ్రాయండి" అన్నారు. నా మోకాలికి అంత పేరు వచ్చిందన్నమాట.

పోయిన ఏడాది ఎముకల డాక్టరుగారు నా కుడి మోకాలి ఎక్స్‌రే చూపించారు. బయటి పక్క తొడ ఎముకకూ కాలి ఎముకకూ మధ్య సందు బాగానే ఉంది. లోపలి పక్క, అంటే రెండో కాలివైపు, సందే లేదు. నడకలో బరువు ఎక్కువగా ఆ పక్కనే పడుతుందట. అక్కడి మృదులాస్థి అరిగేకొద్దీ కాలు దొడ్డికాలవుతుంది. దొడ్డికాలైనకొద్దీ బరువు మరింతగా అక్కడే పడుతుంది. "సగం మార్చవచ్చు, మొత్తం మార్చవచ్చు. ఆలోచించుకోండి" అన్నారు. ఆ సగమేమిటో తెలుసుకోబోతే పెద్ద చరిత్రే బయటపడింది.

1890లో బెర్లిన్‌లో గ్లుక్ అనే వైద్యుడు ఏనుగు దంతంతో కీలు చేసి మోకాలిలో అమర్చాడు. క్షయ సోకిన కీళ్ళు కావడంతో చీముపట్టి ఆ ప్రయత్నం నిలవలేదు. తర్వాత చాలాకాలానికి, కీలును మార్చకుండా కాలి వంకర తీస్తే చాలునన్న ఆలోచన బలపడింది. 1961లో ఇంగ్లండులో జాక్సన్, వా అనే సర్జన్లు, 1965లో అమెరికా మేయో క్లినిక్‌లో కోవెంట్రీ ఈ పద్ధతిని ప్రకటించారు. మోకాలికి కాస్త దిగువన కాలి ఎముక బయటి పక్కనుంచి పుచ్చకాయ ముక్కలా చిన్న ముక్క కోసి తీసి, మిగిలిన ఎముకను దగ్గరకు చేర్చి బిగించేవారు కోవెంట్రీ. దాంతో బరువు అరిగిన పక్కనుంచి బాగున్న పక్కకు మళ్ళుతుంది. వయసు తక్కువగా ఉండి శ్రమచేసే వారికి ఈనాటికీ ఈ ఆపరేషన్ చేస్తున్నారు. నాకు డెబ్బై దాటాయి గనుక డాక్టరుగారు ఆ ఊసెత్తలేదు.

కీలు మార్పిడికి దారి చూపినది తుంటి. 1962లో ఇంగ్లండులో చార్న్‌లీ లోహమూ ప్లాస్టిక్కూ జతచేసి తుంటి కీలును విజయవంతంగా మార్చారు. ఆయన వద్ద పనిచేసిన కెనడా వైద్యుడు గన్‌స్టన్ 1968లో అదే సూత్రాన్ని మోకాలికి తెచ్చాడు. 1974లో న్యూయార్కులో ఇన్సాల్, రణావత్, వాకర్ రూపొందించిన మొత్తం కీలు తర్వాత వచ్చిన వాటికి ఒరవడి అయింది. ఈ రణావత్‌గారు మన దేశంలో పుట్టినవారే. ప్రధాని వాజ్‌పేయిగారికి 2000 అక్టోబరులో ఎడమ మోకాలు, 2001 జూన్‌లో కుడి మోకాలు బొంబాయిలో మార్చినది ఆయనే. ఆ రోజుల్లో మా ఆఫీసు టీ సమయమంతా ఆ మోకాళ్ళ చర్చే!

ఇక సగం సంగతి. ఆక్స్‌ఫర్డులో గుడ్‌ఫెలో అనే సర్జను, ఓకానర్ అనే ఇంజనీరు కలిసి రెండు లోహపు భాగాల మధ్య కదిలే ప్లాస్టిక్ బిళ్ళ పెట్టి ఒక కీలు తయారుచేశారు. 1982 నుంచి దాన్ని లోపలి పక్కకు మాత్రమే అమర్చడం మొదలైంది. చెప్పు ఒక పక్క అరిగితే అంతమేరకే అతుకు వేయించినట్లు. అయితే మోకాలిలోని లిగమెంట్లు గట్టిగా ఉండాలి, బయటి పక్క బాగుండాలి.

ఒక బాధ కూడా చెప్పాలి. 2012లో, రిటైరైన మరుసటి ఏడాది, ఒక ఆసుపత్రిలో దుర్భిణి గొట్టం పెట్టి నా మోకాలు "కడిగారు". కమ్యుటేషన్ సొమ్ములో మంచి భాగం పోయింది. నాలుగు నెలల్లో నొప్పి తిరిగివచ్చింది. తీరా చూస్తే 2002లోనే అమెరికాలో మోస్‌లీ బృందం 180 మందిపై పరీక్షించి, ఈ కడుగుడుకూ చర్మంపై ఉత్తుత్తి గాట్లు పెట్టి పంపడానికీ ఫలితంలో తేడా లేదని ప్రకటించింది. పదేళ్ళ తర్వాత కూడా నాకెవరూ చెప్పలేదు.

అందుకే ఈసారి లెక్కలు అడిగాను. బ్రిటన్‌లో 528 మందిని అయిదేళ్ళు గమనించి 2019లో ప్రకటించిన ఫలితాల ప్రకారం నొప్పిలో, నడకలో సగానికీ మొత్తానికీ పెద్ద తేడా లేదు. సగానికి ఖర్చు తక్కువ. కాని పలు దేశాల రిజిస్టర్ల ప్రకారం సగం మార్చుకున్నవారికే మళ్ళీ ఆపరేషన్ అవసరం ఎక్కువగా పడుతోంది. మా అమ్మాయి "ఒక్కసారే మొత్తం చేయించుకోండి నాన్నా" అంటోంది. ఆమె మాటలో న్యాయముంది. అయినా బాగున్న ఎముకను కోయించుకోవడానికి నా మనసొప్పలేదు. సగానికే సంతకం పెట్టాను.

మా ఆవిడ మాత్రం, నేలమీద కూర్చుని భోంచేయవచ్చేమో అడగమంది. అడిగాను. "కూర్చోవడం సరే, లేచే సంగతి చూసుకోండి" అని నవ్వారు డాక్టరుగారు. సంక్రాంతి వెళ్ళాక తేదీ ఇచ్చారు.