చంద్రగిరి రాజమహలు

తిరుపతికి వచ్చు యాత్రికులలో పెక్కుమంది కొండ యెక్కి, దర్శనము చేసికొని, దిగివచ్చి రైలెక్కుదురు. అక్కడికి పదిహేను కిలోమీటర్ల లోపుననే విజయనగర చక్రవర్తుల కడపటి రాజధానులలో ఒకటి యున్నదని వారికి తోచదు. పాడుపడిన నగరములను చూడగోరువారు ఈజిప్టు ఎడారులకు పోవుట కలదు. మేము నిండు వేసవిలో చంద్రగిరికి పోయితిమి.

ఇది ఎడారి కాదు. అయినను స్వర్ణముఖి పేరునకే ఏరు. ఏడాదిలో చాలకాలము ఇసుకపాన్పు. దారికి ఇరువైపుల బోడి రాతిగుట్టలు, వాని నెఱియలలో ముండ్లపొదలు. అట్టి గుట్ట యొకదాని పాదమున కోట యున్నది. సున్నము లేకయే ఒకదానిపై నొకటి పేర్చిన పెనురాళ్ల గోడలు, వాని వెలుపల అగడ్త. క్రీస్తుశకము 1000 ప్రాంతమున యాదవరాజులు దీనిని కట్టిరని ప్రతీతి. ఇచటి దొరయైన సాళువ నరసింహుడు 1485లో విజయనగర సింహాసన మెక్కెను. కృష్ణదేవరాయల తమ్ముడు అచ్యుతరాయలు ఈ కోటలోనే నిర్బంధమున నుండి, 1529లో ఇచ్చటినుండియే రాజ్యమునకు పోయెను. చెఱసాలనుండి సింహాసనమునకు దారి యేర్పడిన కోటలు అరుదు.

మమ్ము ఎక్కువసేపు నిలిపినది రాజమహలు. మూడంతస్తుల మేడ, పొడవు ఇంచుమించు 150 అడుగులు. క్రింద బలమైన స్తంభములు, ముఖమంతయు తురక పద్ధతి కమానులు. తలయెత్తి చూచినచో పైన గుడి విమానములవంటి శిఖరములు. నడుమ దర్బారు చావడి రెండంతస్తుల యెత్తు లేచియున్నది. రెండు మతముల శిల్పరీతులు కలిసినవని పండితులు చెప్పుదురు గాని, చూచువానికి అతుకు కనబడదు.

ఈ మేడలో మఱియొక విశేషము కలదు. రాయి, ఇటుక, సున్నము తప్ప ఇందు కఱ్ఱ వాడలేదు. ఇది చిన్న సంగతి కాదు. హంపిలో గుళ్లు నిలిచినవి. రాజుల నగళ్లకు అరుగులు మాత్రమే మిగిలినవి. పైకట్టడము కఱ్ఱది యగుటచే, 1565లో రాక్షసి తంగడి యుద్ధానంతరము నగరము తగులబడినపుడు అది బూడిద యయ్యెను. లోటస్ మహలు, పెనుగొండ గగనమహలువంటి కొలదిపాటి కట్టడములను విడిచినచో, విజయనగర ప్రభువుల గృహము ఎట్లుండెడిదో కంట చూచుటకు చంద్రగిరియే దిక్కు. శేషాచలపు అడవులు ప్రక్కనే యుండగా కఱ్ఱకు కఱవేమి? కాలిన రాజధానిని చూచినవారి బుద్ధి ఈ గోడలలో పనిచేసినదని మా యూహ.

ఆ యుద్ధము తరువాత రాజధాని మొదట పెనుగొండకు, పిదప వేంకటపతిదేవరాయల (1586–1614) ఏలుబడిలో చంద్రగిరికి మారెను. శాంథోమునుండి పాదిరీలు ఆయన కొలువునకు వచ్చిరి. ప్రక్కనున్నది రాణీమహలు, రెండంతస్తులది. అందమునకు లోటులేదు గాని రాజమహలును చూచిన కన్నులకు ఆనదు.

చెన్నపట్టణపు దానపత్రము ఈ మహలులోనే వ్రాయబడినదని ఇక్కడివారు చెప్పుకొందురు. మాకు అంత నమ్మకము కలుగలేదు. 1639లో ఫ్రాన్సిస్ డేకు కౌలు ఇచ్చినవాడు వందవాసి నాయకుడైన దామెర్ల వేంకటాద్రి. చెన్నపట్టణమను పేరు ఆయన తండ్రి చెన్నప్పది. శ్రీరంగరాయల పత్రము 1645లో లభించెను. ఆ మఱుసటి యేడే చంద్రగిరి గోల్కొండ వశమైనది. చక్రవర్తి తన యూరిని నిలుపుకొనలేని దినములలో ఒక ఇసుకతీరమునకు పత్రము వ్రాసి యిచ్చెను. ఆ తీరమే మహానగర మయ్యెను. 1782లో హైదరాలి ఈ కోటను పట్టెను. 1792 శ్రీరంగపట్టణపు సంధి వఱకు ఇది మైసూరు చేతిలో నుండెను.

చెన్నపట్టణమున సెనేట్ హౌసును కట్టిన చిషోమ్ దొర ఈ మహలును శ్రద్ధగ పరిశీలించి 1883లో వ్యాసము ప్రకటించెను. కమానును, శిఖరమును ఒకే గోడమీద కూర్చుటకు తంటాలుపడిన శిల్పికి ఈ మేడ ఎంత ముచ్చట గొలిపియుండునో ఊహింపవచ్చును.

కోటలో ఎనిమిది ఆలయములు కలవు, అన్నియు శిథిలములే. వానిలో కొన్నిటి గడపలు దాటి చూచితిమి. గర్భగుడులలో గబ్బిలములు, ఎండుటాకులు. రాజమహలు నేడు పురావస్తుశాఖవారి ప్రదర్శనశాల. చంద్రగిరినుండియు, గుడిమల్లము, గండికోట, యాగంటి మొదలగు చోట్లనుండియు తెచ్చిన రాతివిగ్రహములు, కంచువిగ్రహములు ఆ కమానుల చల్లని నీడలో బారులు తీరియున్నవి. నిలిచిన కప్పు రాజుల యింటిదే యగుటచే, గుళ్లు లేని దేవుళ్లు అచటికే వచ్చి చేరిరి.