మంచు పలక కింద స్కూబా డైవింగ్: ప్రమాదాలు, భద్రతా పద్ధతులు

గడ్డకట్టిన సరస్సు లేదా సముద్ర ఉపరితలానికి రంధ్రం చేసి, దాని ద్వారా నీటిలోకి దిగడాన్ని ఐస్ డైవింగ్ అంటారు. శాస్త్ర పరిశోధన, నీట మునిగినవారి గాలింపు, నౌకల మరమ్మతు, సాహస క్రీడ వంటి అవసరాల కోసం దీనిని చేపడతారు. సాధారణ డైవింగ్‌లో ఆపద ఎదురైతే నేరుగా పైకి తేలిరావచ్చు. ఇక్కడ ఆ అవకాశం లేదు. తలపై మంచు కప్పు ఉంటుంది, వెలుపలికి రావడానికి దిగిన రంధ్రం ఒక్కటే మార్గం. భద్రతా నియమాలన్నీ ఈ ఒక్క వాస్తవం నుంచే పుట్టాయి.

తెలుగువారికి ఈ విషయం దూరమైనది కాదు. 2022 డిసెంబరు 26న అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో గడ్డకట్టిన వుడ్స్ క్యానియన్ సరస్సుపై నడుస్తుండగా మంచు విరిగి, అక్కడ స్థిరపడిన ముగ్గురు తెలుగువారు మరణించారు. వారిలో ఇద్దరి మృతదేహాలు మరునాటి గాలింపులో లభించాయి. ఇటువంటి ఘటనల్లో మంచు కిందికి దిగే గాలింపు సిబ్బంది తమ ప్రాణాలను కాపాడుకుంటూనే పని పూర్తి చేయాలి.

తాడే ప్రాణాధారం

డైవర్ దేహానికి కట్టే తాడు ఐస్ డైవింగ్‌లో ప్రధాన రక్షణ. తాడు ఒక కొనను డైవర్ వేసుకున్న పట్టీలకు బిగిస్తారు. దానిని చేతితో పట్టుకుని ఊరుకోవడం పనికిరాదు. రెండో కొనను మంచుపై గట్టిగా పాతిన ఆధారానికి కట్టి, మధ్యభాగాన్ని ఒక సహాయకుడు నిరంతరం చేతిలో ఉంచుకుంటాడు. తాడు వదులుగా వేలాడకుండా, బిగిసి డైవర్‌ను లాగకుండా చూడడం అతని పని. లోపలివారితో అతనికున్న సంబంధం తాడును లాగే సంజ్ఞలు మాత్రమే. ఎన్ని లాగులకు ఏ అర్థమో శిక్షణ సంస్థలను బట్టి మారుతుంది కనుక, దిగేముందు జట్టంతా ఒకే పద్ధతిని ఖరారు చేసుకోవాలి. ఆగకుండా లాగడం సాధారణంగా అత్యవసర సంకేతం.

పూర్తి దుస్తులు, సిలిండర్ ధరించి, తనకూ తాడు కట్టుకుని సిద్ధంగా ఉండే రక్షక డైవర్ రంధ్రం వద్ద తప్పనిసరి. అతని తాడు లోపలివారి తాడు కంటే పొడవుగా ఉండాలి.

రంధ్రం తయారీ

రంధ్రాన్ని ఎక్కువగా త్రికోణాకారంలో కోస్తారు. మూలల వద్ద రెండువైపులా మోచేతులు ఆనించి పైకి రావడం తేలిక కావడమే ఇందుకు కారణం. రంధ్రం చుట్టూ మంచుపొడిని తొలగించి చక్రపు ఆకుల వలె గీతలు తీస్తారు. ఆ గీతల గుండా వెలుతురు ప్రసరించడంతో కిందినుంచి చూసేవారికి రంధ్రం దిశ తెలుస్తుంది. పని ముగిశాక కోసిన ముక్కను తిరిగి అమర్చి, చుట్టూ జెండాలు పాతి హెచ్చరిక గుర్తులు ఉంచాలి. లేనిపక్షంలో పైన పలుచగా పేరుకున్న మంచు తర్వాత వచ్చేవారికి ఉచ్చు అవుతుంది.

చలిలో పరికరాలు

మంచినీటి సరస్సులో మంచు పలకను ఆనుకుని నీరు 0 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంటుంది. నీటి సాంద్రత 4 డిగ్రీల వద్ద అత్యధికం కనుక అడుగున కొంత వెచ్చగా ఉండవచ్చు. ధ్రువ సముద్రాల్లో ఉప్పు కారణంగా నీరు సుమారు మైనస్ 1.9 డిగ్రీల వరకూ ద్రవంగానే ఉంటుంది. అందువల్ల నీరు లోనికి చొరని డ్రైసూట్, లోపల ఉష్ణరక్షక దుస్తులు ధరిస్తారు.

పెద్ద ముప్పు రెగ్యులేటర్ గడ్డకట్టడం. సిలిండర్‌లోని అధిక పీడన వాయువు వ్యాకోచించినప్పుడు చల్లబడుతుంది. ఆ చలికి లోపలి తేమ మంచుగా మారి కవాటం తెరుచుకునే ఉండిపోతే, గాలి ఆగకుండా వెలువడి సిలిండర్ నిమిషాల్లో ఖాళీ కావచ్చు. దీనికి విరుగుడుగా వేర్వేరు కవాటాలకు అమర్చిన రెండు రెగ్యులేటర్లు ఉంచుకుంటారు. ఒకటి గడ్డకడితే దాని కవాటాన్ని మూసి రెండోదానితో శ్వాసిస్తారు. నీటిలో మునిగేవరకూ రెగ్యులేటర్‌తో ఊపిరి తీయకపోవడం, సూట్‌లోకి గాలిని కొద్దికొద్దిగానే నింపడం కూడా ముఖ్యం.

గాలి విషయంలో మూడింట ఒకవంతు నియమం పాటిస్తారు. ఒక వంతు వెళ్లడానికి, ఒక వంతు తిరిగి రావడానికి, మిగిలినది ఆపదకు. 200 బార్ పీడనంతో దిగినవారు సుమారు 135 బార్ మిగిలి ఉండగానే వెనుదిరగాలి.

తాడు తెగితే

తాడు ఊడిన డైవర్ రంధ్రాన్ని వెతుకుతూ తిరగరాదు. నెమ్మదిగా మంచు పలక అడుగుకు చేరి, అక్కడే నిలువుగా నిలిచి, గాలి పొదుపుగా వాడుతూ వేచి ఉండాలి. రక్షక డైవర్ తన పొడవైన తాడును చాచి, తప్పిపోయిన వ్యక్తి ఉండగల దూరానికి ఆవలగా, మంచుకు దిగువనే వలయాకారంలో ఈదుతాడు. ఆ తాడు వేచి ఉన్నవారిని తాకుతుంది. నిలువుగా ఉన్న మనిషికి తాడు తగిలే అవకాశం ఎక్కువ. ఇద్దరూ కదులుతుంటే వలయం విఫలమవుతుంది.

అంటార్కిటికా అనుభవం

అంటార్కిటికాలో 1902లోనే జర్మనీ యాత్రానౌక గౌస్ వడ్రంగి విల్లీ హైన్రిష్ మరమ్మతు కోసం నీట మునిగాడు. నేడు మెక్‌మర్డో కేంద్రం వద్ద శాస్త్రవేత్తలు మందపాటి సముద్రపు మంచుకు రంధ్రాలు చేసి పరిశోధిస్తున్నారు. నీరు అసాధారణంగా స్వచ్ఛంగా ఉండే కాలంలో అక్కడ తాడు కట్టుకోకుండా దిగుతారు. బదులుగా రంధ్రం నుంచి వేలాడదీసిన తాడుకు మెరిసే దీపాలు, జెండాలు, అదనపు సిలిండర్ అమరుస్తారు. ఇది ఆ ప్రాంత పరిస్థితులకే పరిమితం. మసక నీటికి, ప్రవాహానికి వర్తించదు.

మంచుపై నడిచేవారికి

ఒక్క మనిషి నడవడానికి కనీసం 10 సెంటీమీటర్ల మందం గల స్వచ్ఛమైన కొత్త మంచు అవసరమని సాధారణ మార్గదర్శకం. తెల్లని మంచు దానికంటే బలహీనం. ఒకే సరస్సులో మందం చోటుచోటుకు మారుతుంది.

మంచు విరిగి నీటిలో పడితే అనుసరించవలసిన క్రమాన్ని కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయ ఆచార్యుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ 1–10–1 సూత్రంగా ప్రచారం చేశారు. శ్వాసను అదుపులోకి తెచ్చుకోవడానికి 1 నిమిషం, చేతులు కాళ్లు పనిచేసే సమయం సుమారు 10 నిమిషాలు, చలికి స్పృహ కోల్పోయే వ్యవధి సుమారు 1 గంట. వచ్చిన దిశకే తిరిగి, చేతులు మంచుపై చాచి, కాళ్లు ఆడిస్తూ పైకి జారాలి. లేచి నిలబడక, దొర్లుతూ దూరం వెళ్లాలి. ఒడ్డునున్నవారు వెంటనే అత్యవసర సేవలకు ఫోన్ చేసి, తాడు లేదా కర్ర అందించాలే తప్ప మంచుపైకి పరుగెత్తరాదు. శిక్షణ లేనివారు రంధ్రంలోకి దిగడం మరో ప్రాణనష్టానికి దారితీస్తుంది.