పున్నమ్మతోట గొంతులు

ఇంకో కొబ్బరిమట్ట వెయ్యరా అబ్బాయ్, మంట తగ్గుతోంది. ఇందాక నీ సెల్లులో ఎఫ్ఎమ్ మోగుతుంటే పాతవన్నీ గుర్తొచ్చాయి. అందులో ఆ పిల్ల ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతోందిరా!

మాకు రేడియో అంటే ఒక్కటే, బెజవాడ పున్నమ్మతోటలోది. 1948 డిసెంబరు 1న మొదలైంది. అంతకుముందు మనవైపు ఆకాశవాణిలో తెలుగు వినాలంటే మద్రాసే దిక్కు. హైదరాబాదులో ఉన్నది నిజాం దక్కన్ రేడియో.

నాకు ఊహ తెలిసేనాటికి సుందరయ్యగారు మన గన్నవరం ఎమ్మెల్యే. రేడియో ఉన్న ఇళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. సాయంత్రం పంచాయతీ ఆఫీసు తాళం తీసి, డాబా మీద మైకు పెట్టేవాళ్ళు. పొలం నుంచి వచ్చినవాళ్ళు బురదకాళ్ళతోనే అరుగు మీద కూర్చునేవాళ్ళు. వ్యవసాయ కార్యక్రమంలో పురుగుమందు పేరు వచ్చేసరికి మా నాన్న వేలెత్తి అందరినీ నోరు మూసుకోమనేవాడు. తంజావూరు వైపు ఏడీటీ 27 అనే వంగడానికి 'రేడియో వరి' అనే పేరొచ్చిందంటే ఊరికే రాలేదు, రైతులు రేడియోలో విని వేసుకున్నందుకే.

తర్వాత మనింటికీ మర్ఫీ సెట్టు వచ్చింది. వస్తే సరిపోయిందా? ఏటా పోస్టాఫీసులో లైసెన్సు డబ్బు కట్టాలి. ఇనస్పెక్టరు వస్తున్నాడని పుకారు పుడితే చాలు, మా అమ్మ దానిమీద దుప్పటి కప్పి పైన చేట పెట్టేది.

పొద్దున్నే భక్తిరంజని. బాలమురళీకృష్ణగారు, రజనీకాంతరావుగారు, శ్రీరంగం గోపాలరత్నంగారు ఆ కేంద్రంలో పనిచేసినవాళ్ళే. నాటకం ఉందంటే నండూరి సుబ్బారావుగారి 'గణపతి' వేస్తారేమోనని ఆశ. ఇక ఉషశ్రీగారు! రామాయణం చెబుతున్నట్టుండదు, పక్కింటి గొడవ తీరుస్తున్నట్టుంటుంది. ధర్మసందేహాలకి ఉత్తరాలు రాసినవాళ్ళని మొహమాటం లేకుండా చీవాట్లు పెట్టేవారు. మా మేనత్త కూడా ఒక కార్డు రాసింది. అది చదవలేదు. ఊళ్ళో మాత్రం చదివారనే చెప్పుకుంది, పాపం.

ఒక్కటే చిరాకు, రైసుమిల్లు మోటారు ఆడిందంటే రేడియోలో గరగర. మీడియం వేవులో అల ఎత్తు మార్చి గొంతుని పంపిస్తారు. మోటారు నిప్పురవ్వ, మెరుపు కూడా ఆ ఎత్తునే కెలుకుతాయి. ఎఫ్ఎమ్‌లో ఎత్తు జోలికి పోరు, అల ఎంత వేగంగా ఊగాలన్నదే మారుస్తారు. అందుకే నీ సెల్లులో పాట అంత శుభ్రంగా వినబడుతోంది. కాకపోతే ఎక్కువ దూరం పోదు. మనం బెజవాడకి పక్కనే ఉన్నాం కాబట్టి సరిపోయింది.

1977 నవంబరులో దివిసీమ ఉప్పెనప్పుడు కరెంటు పోయింది. సెల్సు ఎండలో పెట్టి, మళ్ళీ ట్రాన్సిస్టర్లో వేసుకుని దాన్ని చెవికి ఆనించుకున్నాం. అటువైపు చుట్టాలున్న ఇళ్ళల్లో ఆ రోజుల్లో ఎవరూ రేడియో కట్టలేదు.

సుప్రీంకోర్టు 1995లో గాలి అలలు సర్కారు సొత్తు కాదు, ప్రజల ఆస్తి అంది. 2005లో కేంద్రం రెండో విడత ప్రైవేటు ఎఫ్ఎమ్ విధానం తెచ్చాక మనకీ మిర్చి 98.3 వచ్చింది. ఆకాశవాణివాళ్ళదీ ఒకటుంది, 102.2 మీద రెయిన్‌బో కృష్ణవేణి. ఏరు పేరు పెట్టుకున్నందుకే నాకది ఓ పిసరు ఎక్కువిష్టం.

నాకు మింగుడుపడనిది ఇంకోటుంది. ప్రైవేటు ఎఫ్ఎమ్‌వాళ్ళు వాతావరణం, ట్రాఫిక్ చెప్పొచ్చుగానీ సొంతంగా వార్తలు చెప్పకూడదు. ఆకాశవాణి బులెటిన్ ఎత్తి వినిపించాలంతే. పేపరుకి, టీవీకి లేని అడ్డు వీటికెందుకు? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, కరెంటు లేని ఇంట్లో సెల్సు రేడియో ఉంటే ఎంత ఆసరా! ఎవరు ఎక్కడ చిక్కుకున్నారో, పాల ప్యాకెట్లు ఎక్కడిస్తున్నారో, సాయం ఆలస్యమైతే జవాబు ఎవరు చెప్పాలో బెజవాడ స్టూడియోలో కూర్చున్నవాళ్ళే అడిగి చెప్పాలి. వార్తలు చెప్పే హక్కు వాళ్ళకి ఇచ్చి తీరాలిరా.