చిరునామా

చిరునామాలో ‘చిరు’ లేదు, ‘నామం’ కూడా లేదు. చిరునవ్వు, చిరుగాలి, చిరుతిండి వినీ వినీ ఉన్న చెవికి ఇదీ ఆ బంతిలోదే అనిపిస్తుంది. నిజానికి ఇది పారసీకం నుంచి వచ్చిన మాట. అక్కడ దాని రూపం సర్‌నామా. సర్ అంటే తల, నామా అంటే రాసిన కాగితం, ఉత్తరం. ఉత్తరం తలమీద రాసేది సర్‌నామా. ఆ తల మనకు సర్కారులో, సర్దారులో, సరంజామాలో కనిపిస్తుంది. ఆ కాగితం రాజీనామాలో ఉంది, వీలునామాలో ఇంగ్లీషు ‘విల్’ పక్కన చేరింది. పరాయి మాట నోటికొస్తే దాన్ని తెలిసిన మాటలా పలకడం మనకు అలవాటు. సర్‌హద్ మన దగ్గర సరిహద్దయింది, ఇరువైపులా సరిచూసి గీసిన హద్దేమో అన్నట్టు. సర్‌నామా చిరునామా అయింది.

పాత వాడుకలో పైవిలాసం అనే మాట కూడా ఉండేది. పై అనడంలోనూ కాగితం పైభాగమే. తమిళులు విలాసం అనీ అంటారు, ముగవరి అనీ అంటారు. ముగవరి అంటే ముఖం మీది వరుస. పై, తల, ముఖం, ఏది చూసినా ఇవన్నీ ఉత్తరం ఒంటిమీది భాగాలు. మనిషివి కావు. విలాసానికి ఇవాళ మనకు మిగిలిన అర్థం భోగం ఒక్కటే. తలదాచుకునే చోటు లేనివాడికి ఆ రెండర్థాలకూ పెద్ద తేడా కనిపించదేమో.

పాత ఉత్తరాల మీద ఊరు, పేరు, మహా అయితే తండ్రి పేరు ఉండేవి. తలుపు నంబరు లేదు, పిన్‌కోడ్ లేదు. పోస్టుమాన్‌కు మనిషి తెలిస్తే చాలు. ఇంటిపేరును చూడండి, ఇల్లు కూలిపోయినా, ఊరు మారినా, అసలెప్పుడూ ఇల్లు లేకపోయినా అది మనిషి వెంటే తిరుగుతుంది. చిరునామాకు ఆ విశ్వాసం లేదు. అది కాగితం మీంచి దిగి ఇంటి గోడకు అంటుకుంది. తర్వాత బ్యాంకువాళ్ళూ, ఓటర్ల జాబితావాళ్ళూ, లైసెన్సువాళ్ళూ పేరు కింది గడిలో దాన్ని అడగడం మొదలుపెట్టారు. ఇల్లు పోతే ఆ గడి ఖాళీ. గడి ఖాళీ అయితే పేరున్నా లేనట్టే.

ఈ లెక్కకు లొంగనివాడు సైనికుడొక్కడే. తాడేపల్లిగూడెం దగ్గరి మిలటరీ మాధవరం లాంటి ఊళ్ళకు ‘కేరాఫ్ 56 ఏపీఓ’ కొత్త మాట కాదు. కొడుకు సియాచిన్ మంచులో ఉన్నాడో రాజస్థాన్ ఇసుకలో ఉన్నాడో ఆ అంకె చెప్పదు. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ రాసి డబ్బాలో వేస్తే మిగతాది సైనిక తపాలా చూసుకుంటుంది. అమెరికా సైన్యానిదీ ఇదే పద్ధతి, పేరూ అదే, ఏపీఓ. ఊరు ఉండాల్సిన చోట ఏపీఓ అని, రాష్ట్రం ఉండాల్సిన చోట ఏఈ అనో ఏపీ అనో రాస్తారు. (అక్కడ ఏపీ అంటే పసిఫిక్, మనవాళ్ళు తొందరపడకూడదు.) ఇరాక్, అఫ్ఘానిస్థాన్‌లలో ఉన్న సిపాయి ఇంటికి ఉత్తరం రాస్తే స్టాంపు అక్కర్లేకపోయేది. ఆ మూల చేత్తో ‘ఫ్రీ’ అని రాస్తే సరిపోయేది. సర్‌నామా అసలు అర్థంలో బతికి ఉన్నది అక్కడే. అది మనిషి కోసం ఉత్తరం మోసే రాత, మనిషి ఎక్కడికి కదిలితే అక్కడికి అదీ కదిలేది.

అమెరికా సైన్యం వదిలే రోజున సిపాయి చేతికి డీడీ 214 అనే పత్రం వస్తుంది. బతికినన్నాళ్ళూ దాచుకోవాల్సిన కాగితం అది. పింఛను దగ్గర్నుంచి సమాధి రాయి దాకా అన్నిటికీ అదే ఆధారం. అందులో రెండు గడులు చూడదగ్గవి. ఒకటి సైన్యంలో చేరేనాటి ఇల్లు. ఇంకోటి విడుదలయ్యాక ఉత్తరాలు అందే చిరునామా. ఆ రెండో గడిలో చాలామంది అమ్మానాన్నల ఇల్లో, భార్య ఉంటున్న ఇల్లో రాస్తారు. విడాకులయ్యాక, అమ్మ పోయి ఇల్లు అమ్మేశాక, అద్దె పెరిగి ఖాళీ చేశాక ఆ కాగితంలో ఆ చిరునామా అలాగే ఉంటుంది. మనిషి అక్కడ ఉండడు.

అమెరికాలో చాలామందికి ఇల్లు పోయిన తర్వాత చివరగా పోయేది కారు. కారు పోతే పని పోతుంది, కనుక దాన్ని వదలరు. రాత్రి ఎక్కడ ఆపుకోవాలో చూసుకోవడమే ఒక ఉద్యోగం. కొన్ని వాల్‌మార్ట్‌ల ఆవరణలు, హైవే పక్కని విశ్రాంతి స్థలాలు, పొద్దెక్కకముందే వదిలెయ్యాల్సిన వీధులు. అద్దాలకు వెండిరంగు ఎండతెర అడ్డం పెడితే లోపల మనిషి ఉన్నట్టు తెలిసిపోతుంది, పెట్టకపోతే అందరికీ కనిపిస్తాడు. కిటికీలు పూర్తిగా మూస్తే ఊపిరి ఆవిరి అద్దాలకు పట్టి తెల్లారేసరికి దుప్పటి తడుస్తుంది. స్నానానికి జిమ్ సభ్యత్వం కడతారు, వ్యాయామానికి కాదు. కూచునే నిద్రపోతే కాళ్ళు వాస్తాయి. మోకాలో నడుమో సైన్యంలోనే దెబ్బతిన్నవాడైతే చెప్పనే అక్కర్లేదు. కాపలా కాసి కాసి సగం నిద్రతో బతకడం నేర్చినవాడు గనక తట్టుకుంటాడని కొందరంటారు. అది నాకు నచ్చని మాట. నేర్చిన బాధను అర్హత కింద లెక్కగట్టడం అది.

కారులో బతికే అలాంటి మాజీ సైనికుణ్ణి చిరునామా ఎక్కడెక్కడ పట్టుకుంటుందో చూడండి. కారుకు బీమా కావాలంటే రాత్రిపూట కారు ఎక్కడ ఉంటుందో ఆ చిరునామా చెప్పాలి. అంటే మనిషికి లేకపోయినా కారుకు ఉండాలి. విమానం ఎక్కడానికి చెల్లే రియల్ ఐడీ తీసుకోవాలంటే నివాసానికి రుజువులు చూపాలి. ఉత్తరాల కోసం అమెరికా తపాలా శాఖలో జనరల్ డెలివరీ అనే పాత ఏర్పాటు ఉంది. ఉత్తరం తలమీద పేరు, దాని కింద జనరల్ డెలివరీ అని, ఊరు, జిప్ కోడ్. ఆ ఊరి పోస్టాఫీసు దాచిపెడుతుంది, మామూలుగా ముప్ఫై రోజులకు మించకుండా. తీసుకోవడానికి గుర్తింపు కార్డు చూపాలి. కార్డుకు చిరునామా కావాలి.

చట్టానికి ఈ చిక్కు తెలియక కాదు. ఉత్తరాలు అందే చిరునామా లేదన్న కారణంతో మాజీ సైనికుడికి రావాల్సింది నిరాకరించకూడదని అమెరికా కాంగ్రెస్ 1986లోనే చట్టంలో రాసింది. కానీ వైకల్య పింఛనుకు వైద్యపరీక్ష ఎప్పుడో చెప్పే ఉత్తరం చేరకపోతే పరీక్ష తప్పిపోతుంది. పరీక్ష తప్పితే దరఖాస్తును కొట్టేసే అవకాశముంది. ఫోన్లూ ఈమెయిళ్ళూ వచ్చాక ఇబ్బంది కొంత తగ్గిన మాట నిజం. ఫోనుకు ఛార్జింగ్ కావాలంటే కారు ఇంజను ఆన్ చెయ్యాలి.

ఇక్కడ ఇంకో మాట కథ చెప్పకపోతే లోటు. అమెరికా అంతర్యుద్ధం చివర్లో, 1865 మార్చిలో, గాయపడ్డ స్వచ్ఛంద సైనికుల కోసం అధ్యక్షుడు లింకన్ సంతకంతో ఒక సంస్థ పుట్టింది. దాని పేరు నేషనల్ అసైలం. అసైలం గ్రీకు మాట. ఎవరూ వచ్చి పట్టుకుపోలేని చోటు అని మూలార్థం. అప్పటికే ఆ మాటకు పిచ్చాసుపత్రి వాసన పట్టింది. 1873లో పేరు మార్చి నేషనల్ హోం అన్నారు. లాస్ ఏంజిలస్‌లో ఆ హోం శాఖ కోసం 1888లో దాతలు వందల ఎకరాలిచ్చారు. ఆ నేల మాజీ సైనికుల బాగోగులు చూసే వెటరన్స్ అఫైర్స్ శాఖ చేతికొచ్చాక అందులో కొంత విశ్వవిద్యాలయ బేస్‌బాల్ మైదానానికీ, ప్రైవేటు బడి ఆటస్థలాలకూ లీజుకు పోయింది. 2021లో అదే ఆవరణ కంచె బయట, శాన్ విసెంటే బులవార్డ్ మీద, మాజీ సైనికులు డేరాలు వేసుకుని ఉన్నారు. ఆ లీజులు చెల్లవని ఫెడరల్ జడ్జి డేవిడ్ కార్టర్ 2024లో తీర్పిచ్చారు. హోం అని పేరు పెట్టిన నేల పక్కన, కంచెకు ఇవతల, ఇల్లు లేనివాళ్ళు. పేరు మార్చినవాళ్ళు 1873లో ఆ మాటను నమ్మే మార్చి ఉంటారు.

బండిలో కాపురం కోర్టు దాకానూ వెళ్ళింది. సియాటిల్‌లో ఒక చేతిపనివాడు తన ట్రక్కులోనే కాపురముండేవాడు. ఒకేచోట డెబ్బైరెండు గంటలకు మించి ఆపాడని 2016లో నగరంవాళ్ళు ట్రక్కును లాక్కెళ్ళారు. విడిపించుకోవాలంటే ఐదు వందల డాలర్లకు పైగా కట్టాలన్నారు. 2021లో వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ ట్రక్కు చట్టం దృష్టిలో అతని నివాసమేననీ, అతని ఆదాయానికి ఆ వసూలు మితిమీరిన జరిమానా అవుతుందనీ చెప్పింది. చక్రాలున్నదాన్ని న్యాయస్థానం ఇల్లనడం చిన్న విషయం కాదు. అయితే చక్రాలున్న ఇంటికి ఏ చిరునామా రాయాలో కోర్టు చెప్పలేదు, చెప్పాల్సిన పనీ దానికి లేదు.

2024 జనవరిలో ఒక్క రాత్రి చేసిన లెక్కలో అమెరికాలో ఇల్లు లేని మాజీ సైనికులు 32,882 మంది. 2010తో పోలిస్తే సగానికి పైగా తగ్గారు. అదే రాత్రి లెక్కలో మొత్తం ఇల్లు లేనివాళ్ళు మాత్రం 7,71,480, అంతకు ముందెన్నడూ లేనంత ఎక్కువ. మాజీ సైనికుల్లో తగ్గడానికి కారణం పెద్ద రహస్యమేం కాదు. అద్దెలో సాయం చేసే వోచరు, దానితోపాటు వెంట ఉండి కాగితాలు చూసే మనిషి, ఈ రెండూ కలిపి ఇస్తున్నారు. ఇచ్చినచోట తగ్గింది. ఇది అందరికీ ఇవ్వలేమనేవాళ్ళు ఇవ్వదలచుకోలేదని చెప్తే నిజాయతీగా ఉంటుంది.

డాలస్‌లోనో సియాటిల్‌లోనో శాన్‌హోజేలోనో ఉంటున్న మన పిల్లలు ఈ వ్యాసం చదివితే వాళ్ళకొక మాట. మీ వీధి చివర ఎన్నాళ్ళనుంచో ఆగి ఉన్న కారులో మనిషి కనిపిస్తే పోలీసులకు ఫోన్ చేసే ముందు సైన్యంలో పనిచేశావా అని అడగండి. ఔనంటే ఈ నంబరివ్వండి: 877-424-3838. ఇల్లు లేని మాజీ సైనికుల కోసం వెటరన్స్ అఫైర్స్ శాఖ నడిపే ఫోన్ ఇది, రాత్రీ పగలూ ఎత్తుతారు.