మాధవాయిపాలెం బట్టా, పొణికి కర్రా, ఓ బుల్లి విమానమూ

ఆడవాళ్ళం మనం పత్రికలు చదివి ఊరుకోం, కత్తిరిస్తాం. ముగ్గు నచ్చితే ముగ్గు, స్వెట్టరు అల్లిక నచ్చితే అల్లిక, జాకెట్టు కొలతలుంటే అవీ కత్తిరించి బీరువాలో చీరల కింద దాచుకుంటాం. మిగతా పత్రిక పాతకాగితాలవాడి త్రాసులోకి పోతుంది. ఈ కత్తిరింపుల జబ్బు మనకే ఉందని మగవాళ్ళు వేళాకోళం చేస్తూంటారు గానీ, అమెరికాలోనూ ఇంగ్లండులోనూ రెండు మూడు తరాల మగపిల్లలు అచ్చంగా ఇదే పని చేశారు. తేడా ఏమిటంటే వాళ్ళు దాచుకున్నవి విమానాల నమూనాలు. ఆ కాగితాలు పరిచి, సన్నటి కర్రముక్కలు అతికించి, నిజం విమానాన్ని లెక్క తప్పకుండా కుదించి బుల్లి విమానం చేసేవారు. ఇప్పటికీ ఆ పాత పత్రికల నమూనాలు వెతికి పట్టుకుని, అలాగే కడుతున్నవాళ్ళు దేశదేశాల్లో ఉన్నారు. మా విస్సన్నపేటలో మా మరిది ఒకడు.

నూజివీడుకీ తిరువూరుకీ మధ్య మామిడితోటల ఊరు మాది. ఇక్కడ విమానం అంటే నెత్తిమీంచి పోయే చప్పుడే. అలాంటిచోట ఈ పిచ్చి ఎలా పుట్టిందంటారా? కాలేజీలో ఎన్.సి.సి. వైమానిక విభాగంలో చేరినప్పుడు అంటుకుంది. తర్వాత విజయవాడ లెనిన్ సెంటర్ పాతపుస్తకాల కొట్లలో దొరికిన ఇంగ్లీషు పత్రికలు దాన్ని ముదరబెట్టాయి. అతగాడి పుణ్యమా అని ఈ బొమ్మల చరిత్ర నాకూ కొంత వంటబట్టింది. అందులో మన గోదావరి ఒడ్డు ఊరి పేరొకటి తగలడంతో, ఇది మగవాళ్ళ గొడవ అని వదిలెయ్యడానికి మనసొప్పలేదు.

అసలు విమానం కన్నా ముందు పుట్టింది బొమ్మ విమానమే. 1871లో పారిస్‌లోని ట్యూలరీ తోటలో ఆల్ఫోన్స్ పెనో అనే ఇరవై యొక్క ఏళ్ళ కుర్రాడు మెలితిప్పిన రబ్బరుతో నడిచే చిన్న బొమ్మను ఎగరేశాడు. పదకొండు సెకన్లలో దాదాపు నలభై మీటర్లు పోయిందది. మనిషి ఎక్కే విమానం రావడానికి ఇంకా ముప్ఫై రెండేళ్ళుంది. పెనో అంతకాలం బతకలేదు. 1880లో, నిండా ముప్ఫై ఏళ్ళకే పోయాడు.

కానీ అతని ఆలోచన మీద తయారైన రబ్బరు బొమ్మొకటి సముద్రం దాటింది. 1878లో మిల్టన్ రైట్ అనే మతగురువు ఊరినుంచి వస్తూ పిల్లలకోసం అలాంటిది తెచ్చాడు. బెండూ, వెదురూ, కాగితమూ, రబ్బరూ, అంతే సరుకు. పెద్దవాడు విల్బర్‌కి పదకొండేళ్ళు, చిన్నవాడు ఆర్విల్‌కి ఏడు. బొమ్మ విరిగిపోయేదాకా ఆడారు. విరిగాక మళ్ళీ చేసుకున్నారు. ఇదంతా చాలామందికి తెలిసిన కథే. తండ్రి తెచ్చిన బొమ్మ గురించి అందరూ రాస్తారు. మరి విరిగిన బొమ్మను మళ్ళీ చేసుకునే చెయ్యి ఎక్కణ్ణుంచి వచ్చింది? తల్లి సుసాన్ నుంచి. ఆవిడ తండ్రి బళ్ళు చేసే పనివాడు. చిన్నప్పుడు ఆయన పనిశాలలోనే ఆవిడకు పనిముట్లు పట్టడం వచ్చింది. ఇంట్లో ఏది చెడినా బాగు చేసేదీ, పిల్లలకు మంచుమీద జారే బండి చేసిచ్చినదీ ఆవిడే. తండ్రికి మేకు కొట్టడం కూడా సరిగా రాదట! సుసాన్ 1889లో క్షయతో చనిపోయింది. కొడుకులు 1903 డిసెంబరు 17న పన్నెండు సెకన్లపాటు, నూట ఇరవై అడుగులు ఎగిరిన ఘడియ ఆవిడ చూడలేదు. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

1927లో లిండ్‌బర్గ్ ఒంటరిగా అట్లాంటిక్ సముద్రాన్ని దాటాడు. ఆ దెబ్బతో ఊరూరా పిల్లలకు విమానాల వెర్రి పట్టుకుంది. పత్రికలవాళ్ళు ఊరుకుంటారా? అమెరికాలో 1929లో 'మోడల్ ఎయిర్‌ప్లేన్ న్యూస్', ఇంగ్లండులో 1935లో 'ఏరోమోడలర్' మొదలయ్యాయి. సంచిక సంచికకూ నమూనాలు వచ్చేవి. పెద్ద కాగితం మడతపెట్టి ఇస్తే పరుచుకోవడమే. చిన్న బొమ్మ ఇస్తే మాత్రం దానిమీద గళ్ళు గీసి, వేరే కాగితం మీద అంతకు రెట్టింపు గళ్ళు గీసి, గడికి గడి చూసుకుంటూ పెంచాలి. చుక్కల ముగ్గు పెంచడం వచ్చినవాళ్ళకి ఇది వేరే నేర్పాలా?

తర్వాత పని కూడా మనకు కొత్తగా ఉండదు. నమూనాను చెక్కబల్ల మీద పరిచి, జిగురు అంటకుండా పైన మైనపు కాగితం వేస్తారు. గీతల వెంబడి అగ్గిపుల్లంత పుల్లలు పెట్టి, గుండుసూదులు గుచ్చి, అతికిస్తారు. ఎముకలగూడు ఆరాక పైన గాలిపటం కాగితం లాంటి పల్చటి కాగితం కప్పుతారు. మొదట్లో అది ముడతలు ముడతలుగానే ఉంటుంది. నీళ్ళు చిలకరించి ఆరబెడితే బిగుసుకుంటుంది. ఆ పైన డోపు అనే వార్నీషు లాంటిది పూస్తే డోలు చర్మంలా మోగుతుంది. మనం చీరకు గంజి పెట్టడం లాంటిదే అనుకోండి. ఒంట్లో రబ్బరు చుట్ట, దానికి జారుడు కోసం ఒక చుక్క ఆముదం! నిజంగానే ఆముదం వాడతారు. మొదటిసారి మా మరిది వంటింట్లోకొచ్చి, "వదినా, ఆముదం సీసా ఎక్కడ?" అంటే, కడుపులో ఏం బాధ వచ్చిందోనని మా అత్తగారు హడలిపోయారు.

ఇవి ఎగిరే బొమ్మలు. ఎగరకపోయినా కొలత తప్పకుండా ఉండే బొమ్మలు మరో తెగ. 1932లో ఇంగ్లండులో 'స్కైబర్డ్స్' అనే కర్రబొమ్మల సరంజామా అమ్మకానికి వచ్చింది. నిజం విమానంలో ఆరడుగులకి బొమ్మలో ఒక అంగుళం, అంటే డెబ్భై రెండో వంతు. ఆరడుగుల మనిషి అంగుళం ఎత్తుంటాడు. ఎంత ముచ్చటైన లెక్కో చూడండి! ఈనాటికీ ప్రపంచమంతా ఎక్కువగా నడుస్తున్నది ఆ కొలతే.

యుద్ధం వచ్చేసరికి పిల్లల ఆట కాస్తా ప్రభుత్వం పనైపోయింది. 1942లో అమెరికా నౌకాదళం బడిపిల్లల్ని ఐదు లక్షల కర్ర విమానాలు చేసి ఇమ్మని అడిగింది. అదే కొలత, ఆరడుగులకు అంగుళం. నల్లరంగు. వాటిని చూపించి, ఆకాశంలో కనిపించే నీడ మనదో శత్రువుదో గుర్తుపట్టడం సైనికులకు నేర్పారు. అదేదో పరాయి దేశం గొడవ అనుకోవద్దు. అదే ఏడాది ఏప్రిల్ 6న జపాను విమానాలు మన విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. మా ఊరికి దక్షిణాన ఉన్న గన్నవరంలో విమానాశ్రయం వెలిసింది కూడా ఆ యుద్ధం రోజుల్లోనే.

ఇక కర్ర సంగతి. ఈ బొమ్మలకు వాడేది బాల్సా. దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ నుంచి వస్తుంది. దూదిలా తేలిక. దాంతోపాటు ఖరీదూ ఎక్కువే, ఇంత దూరం తెప్పించుకోవడం ఒక యజ్ఞం. మా మరిది ఆలోచించి ఆలోచించి కొండపల్లి వెళ్ళాడు. మన కొండపల్లి బొమ్మల్ని తెల్ల పొణికితో చేస్తారని తెలిసిందే కదా. తేలికైన మెత్తటి కర్ర. సన్నటి సెగ మీద తేమంతా పోయేలా ఆరబెట్టి, చెక్కి, అవయవాలు విడివిడిగా చేసి, చింతగింజల పిండీ రంపప్పొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. దశావతారాలూ, అంబారీ ఏనుగూ, తాటిచెట్టెక్కే గీతకార్మికుడూ అన్నీ అలా పుట్టినవే. పొణికి బాల్సా అంత తేలిక కాదు, రబ్బరుతో ఎగరడం కష్టం. కానీ అల్మారాలో నిలబడే బొమ్మకి బంగారంలాంటి కర్ర. అలా కొండపల్లి పొణికితో మా ఇంట్లో పుట్టిన విమానం పేరు మస్కిటో. అంటే దోమే! నిజం విమానానికి రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి యాభై నాలుగడుగులు, బొమ్మకి తొమ్మిదంగుళాలు.

ఈ దోమ చరిత్రే నాకు మిగతా అన్నిటికన్నా నచ్చింది. అందరూ లోహంతో విమానాలు కడుతున్న రోజుల్లో ఇంగ్లండులో డి హావిలాండ్ కంపెనీవాళ్ళు చెక్కతో యుద్ధవిమానం కడతామన్నారు. నవ్వినవాళ్ళు నవ్వారు. 1940 నవంబరు 25న అది ఎగిరింది. అప్పటి విమానాల్లో అత్యంత వేగంగా పోయేవాటిలో ఒకటిగా పేరు తెచ్చుకుంది. లోహం కొరత ఉన్న కాలంలో కుర్చీలూ బల్లలూ చేసే వడ్రంగులకీ, పియానోలు చేసేవాళ్ళకీ అందులో పని దొరికింది. రెండు పల్చటి బర్చి ప్లైవుడ్ పొరల మధ్య బాల్సా కర్ర పెట్టి ఒళ్ళు కట్టారు. అంటే పిల్లల బొమ్మల కర్రే పెద్దల విమానంలోకీ ఎక్కిందన్నమాట.

ఆ చెక్క ఒంటిమీద నునుపుగా ఉండటానికీ, తడి తగలకుండా ఉండటానికీ ఒక నూలుబట్ట అతికించి డోపు పూశారు. ఆ బట్ట పేరు మడపొల్లం. ఏమిటీ పేరు, ఎక్కడో విన్నట్టుందనిపిస్తోందా? అది మన నరసాపురం పక్కనున్న మాధవాయిపాలెం. పదిహేడో శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ అక్కడ బట్టల కొటారు పెట్టింది. మన నేతగాళ్ళు నేసిన మెత్తటి నూలుబట్ట ఓడలెక్కి పోయింది. తెల్లవాళ్ళ నోట మాధవాయిపాలెం కాస్తా మడపొల్లం అయి, ఊరి పేరే బట్ట పేరయింది. తరవాత్తరవాత ఇంగ్లండు మరమగ్గాలే ఆ పేరుతో బట్ట నేసి మనకే అమ్మడం మొదలెట్టాయి. మన మగ్గాలు ఏమయ్యాయో మీకు చెప్పక్కర్లేదు. విమానం మీద అతికించింది మన నేతగాడు నేసిన బట్ట కాదు. అతని ఊరి పేరు మాత్రమే ఆ బట్టకి మిగిలింది. మా మరిది ఈ సంగతి చెప్పి, "వదినా, మన గోదారోళ్ళ బట్టే!" అని సంబరపడ్డాడు. ఆ సంబరంలో సగం గర్వమూ, సగం కడుపుమంటా అనిపించింది నాకు.

ఈ విమానానికి మనదేశంతో ఇంకో బంధం కూడా ఉంది, అది అంత ముచ్చటైంది కాదు. మొదట్లో చెక్క అతకడానికి కేసిన్ అనే జిగురు వాడారు. అది పాలలోంచి తీసేది. పాలు విరిగితే ముద్దయ్యే పదార్థమే. ఇంగ్లండు చలికి బాగానే ఉన్న ఆ జిగురు మన ఎండకీ, వానాకాలపు చెమ్మకీ తట్టుకోలేకపోయింది. బర్మా యుద్ధం కోసం ఇక్కడికి తెచ్చిన విమానాలు కొన్ని 1944లో గాలిలోనే విరిగిపోయి మనుషులు పోయారు. ఆ నవంబరులో ఇక్కడి మస్కిటోలను నేలమీదే నిలిపేసి పరీక్షలు చేశారు. జిగురుతోపాటు అతుకుల పనితనంలోనూ లోపాలు బయటపడ్డాయి. అప్పటికే కృత్రిమ జిగుళ్ళు రంగంలోకి వచ్చాయి. పాలజిగురు వెనకబడింది. మన వానాకాలం ఎలాంటిదో అప్పడాలు పెట్టే ఏ ఇల్లాలినడిగినా చెప్పేది కదా అనిపిస్తుంది గానీ, అడిగేదెవరు?

మొత్తంమీద ఏడువేల ఏడువందల పైచిలుకు మస్కిటోలు కట్టారు. యుద్ధం అయ్యాక చెక్క విమానాన్ని భద్రంగా దాచేదెవరు? లోహమైతే కరిగించి వాడుకుంటారు, చెక్క చెదలకీ చెమ్మకీ పోతుంది. చేతుల మీద లెక్కపెట్టేటన్ని మాత్రం మిగిలాయి. బొమ్మల లోకంలోనూ కాలం మారింది. 1953లో ఎయిర్‌ఫిక్స్ అనే కంపెనీ ప్లాస్టిక్ స్పిట్‌ఫైర్ విమానాన్ని రెండు షిల్లింగులకు అమ్మింది. ముక్కలన్నీ అచ్చుపోసి ఉంటాయి, అతికించడమే. గళ్ళు గీసి పెంచి, చెక్కే ఓపిక ఇంకెవరికుంటుంది? పత్రికల నమూనాలు మూలపడ్డాయి.

ఇక్కడే ఒక ముచ్చట చెప్పాలి. 2017లో వేల్స్ దేశంలోని బ్రాటన్ విమానాల కర్మాగారంలో ఓ పాత భవనం కూల్చబోతూ చూస్తే, మస్కిటోకి సంబంధించిన ఇరవై వేలకు పైగా యుద్ధకాలపు నమూనాలు చిన్న ఫిల్ము కార్డులుగా బయటపడ్డాయి. ఇంకొన్నాళ్ళాగితే అవి చెత్తలో కలిసేవి. వాటిని ఓ స్వచ్ఛంద సంస్థకి ఇచ్చారు. మళ్ళీ ఒక మస్కిటోని ఎగరేయాలని వాళ్ళ ఆశ. న్యూజిలాండులో అయితే అంతకుముందే, అచ్చులు కొత్తగా చేసుకుని, పాతదాన్ని తిరిగి కట్టి 2012 సెప్టెంబరులో ఎగరేశారు. అందరూ మానేసిన పనిని కాగితం చూసి మళ్ళీ చెయ్యొచ్చునన్నమాట.

కాగితం లేని పనుల మాటేమిటి అన్నదే నా బెంగ. మాధవాయిపాలెం నేతగాడు ఏ నమూనా గీసి పెట్టలేదు. ఏ నూలుకి ఎంత గంజి పెట్టాలో, పోగు ఎంత దగ్గరగా పడాలో అతని చేతికి తెలుసు, అతని పిల్లల చేతికి తెలుసు. మగ్గం ఆగినప్పుడు అదీ ఆగింది. కొండపల్లిలోనూ పని చేతి నుంచి చేతికే పోతోంది. నూరేళ్ళ కిందటి విమానం కావాలంటే కాగితం పరిచి కట్టుకోవచ్చు. అంబారీ ఏనుగు తొండం ఏ వంపు దగ్గర ఎంత చెక్కాలో ఏ పత్రికలో ఉంది? పైగా చుట్టుపక్కల కొండల్లో పొణికి చెట్లే తగ్గిపోతున్నాయి. కర్ర దొరక్క పనివాళ్ళు అవస్థ పడుతున్నారు.

మా మరిది ఇప్పుడు మరో పని మొదలుపెట్టాడు. కొండపల్లిలో కర్ర ఇచ్చిన పెద్దాయన దగ్గర కూచుని, ఒక్కో బొమ్మనీ ముక్కలుగా కొలిచి, గళ్ళకాగితం మీద గీస్తున్నాడు. "ఇదెందుకు బాబూ? నేనుండగా కాగితమెందుకు?" అని ఆయన నవ్వుతాడట. అయినా ఆదివారాలు ఖాళీ చేసి పెడుతున్నాడట. ఇప్పటికి ఏనుగు అయింది, ఎద్దులబండి సగంలో ఉంది.