ఆరియోమైసిన్ తరువాతి కథ

పరదేశంలో పేరు తెచ్చిన తెలుగువారిని తలచుకొనేటప్పుడు మన సభలలో తప్పక వినవచ్చే పేరు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారిది. 1895లో భీమవరంలో జన్మించిన ఆయన అమెరికా చేరి, కాలక్రమాన లెడర్లీ పరిశోధనశాలకు పరిశోధనాధిపతి అయినారు. ఆయన నాయకత్వం క్రింద బెంజమిన్ డగ్గర్ అనే వయోవృద్ధ శాస్త్రజ్ఞుడు, మిస్సోరీ రాష్ట్రపు మట్టిలో దొరికిన ఒక బంగారువన్నె సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ అనే దివ్యౌషధాన్ని రాబట్టినాడు. 1948లో ఆ మందు లోకానికి వెల్లడి అయినది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు.

మన ఉపన్యాసాలు ఇక్కడితో ముగుస్తాయి. కాని ఆ మందు చరిత్ర ఇక్కడితో ముగియలేదు. తరువాతి అధ్యాయం జపాన్‌లో నడచినది.

ఆరియోమైసిన్ నుండి ఒక క్లోరిన్ పరమాణువును తొలగించగా ఏర్పడినదే టెట్రాసైక్లిన్. యుద్ధానంతరం జపాన్ ప్రజలను జిగట విరేచనాలు పీడిస్తూ ఉండేవి. ఆ వ్యాధికి మూలం షిగెల్లా అనే బాక్టీరియా. దానిపై మొదట సల్ఫా మందులు ప్రయోగించారు. కొద్ది ఏండ్లకే అవి పనిచేయడం మానినవి. అటుపిమ్మట స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్, టెట్రాసైక్లిన్ రంగంలోకి దిగినవి. 1955లో హాంకాంగ్ నుండి తిరిగివచ్చిన ఒక రోగిలో దొరికిన షిగెల్లా ఈ నాలుగింటిలో ఏ ఒక్కదానికీ లొంగలేదు.

వైద్యులు విస్తుపోయినారు. ఒక మందును తట్టుకొనే మార్పు ఒకానొక కణంలో దానంతట అది కలగడమే అరుదు. నాలుగు మార్పులూ ఒకే కణంలో ఒక్కసారిగా ఎట్లా కలుగుతవి? అంతకన్న వింత మరొకటి ఉన్నది. ఒకే ఒక మందు పుచ్చుకొన్న రోగిలో కూడా నాలుగు మందులనూ తట్టుకొనే షిగెల్లా కనిపించసాగినది. అదే రోగి ప్రేగులలో నిత్యం నివసించే ఎషెరీషియా కోలై అనే వేరొక జాతి బాక్టీరియాకు కూడా అవే నాలుగింటిని తట్టుకొనే శక్తి ఉన్నది.

1959లో ఒచియాయ్, అకిబా పరిశోధక బృందాలు ఈ చిక్కుముడి విప్పినవి. మందులకు లొంగని కోలైని, లొంగే షిగెల్లానూ ఒకే పాత్రలో కలిపి పెంచగా, షిగెల్లాకు నాలుగు శక్తులూ ఒక్కసారిగా సంక్రమించినవి. అనంతరం టోకియోలోని కియో విశ్వవిద్యాలయానికి చెందిన సూక్ష్మజీవశాస్త్రజ్ఞుడు త్సుతోము వతనబె, ఇది కణాల పరస్పర స్పర్శ వలన చేతులు మారే జన్యుపదార్థమని విశదపరచి, 1963లో ఆంగ్లంలో ప్రచురించిన సమగ్ర వ్యాసం ద్వారా పాశ్చాత్య లోకానికి తెలియజేశాడు. నేడు వీటిని ప్లాస్మిడ్లంటారు.

ఇది మన ఇల్లాండ్రకు తెలియని సంగతి కాదు. పొరుగింటి నుండి చెంచాడు తోడు తెస్తే మన పాలు తోడుకుంటవి; ఇచ్చిన ఇంట పెరుగు నిండుకోదు. బాక్టీరియా కూడా అంతే. శక్తిని ఇచ్చినది దానిని కోల్పోదు. ఒక నకలు తన వద్దనే ఉంచుకొంటుంది. ఇచ్చిపుచ్చుకోవడానికి ఒకే జాతి కానక్కరలేదు. ప్రేగులలో నిరపాయంగా ఉన్న జీవి సైతం రోగకారికి ఆయుధాన్ని అందించగలదు.

కనుక అనవసరంగా మ్రింగిన ప్రతి మాత్రా మన ఒంటిలో మందులకు లొంగని వాటినే ఏరి పెంచుతుంది. జలుబు వైరస్ వలన వస్తుంది. దానిపై ఈ మందులు నిరర్థకం. అయినా పాత చీటీ చూపి మందుల దుకాణంలో కొనడం, ఊరికి వెళ్ళే బంధువు చేతికి మిగిలిన మాత్రలు కట్టి ఇవ్వడం మన ఇండ్లలో మామూలే. ఆప్యాయతతో చేసే పనే గాని, కీడు చేసే పని. ఈ మందులను వైద్యుని సలహాపై, చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులే వాడాలి.

సుబ్బారావుగారి వంటి వారి శ్రమ ఫలించి మనకు దక్కిన ఆస్తి ఇది. ఆస్తిని గడించిన వారిని కీర్తించడం సులభం. దానిని నిలుపుకోవడం వారసుల వంతు. ఈ ఉగాదినాడు పచ్చడితోపాటు ఈ చేదు మాట కూడా స్వీకరించండి. పొరుగింటికి తోడు నిరభ్యంతరంగా ఇవ్వండి. మిగిలిన మాత్రలు మాత్రం ఇవ్వకండి.