ముదిగొండ: కొలతకు అందని నేల

అసమానతల అంకెలు ఎక్కడ కనబడినా నాకు ముందుగా గుర్తుకు వచ్చే ఊరు ఖమ్మం దగ్గరి ముదిగొండ. పేదలకు సాగుభూములు, ఇళ్ళస్థలాలు పంచాలని కోరుతూ 2007 జూలై 28న వామపక్షాలు రాష్ట్ర బంద్ జరిపాయి. ఆ రోజు ముదిగొండలో పోలీసు కాల్పులకు ఏడుగురు బలయ్యారు. వారు అడిగినదల్లా కాసింత నేల.

పద్దెనిమిదేళ్ళ తరువాత, 2025లో, ఒక అంకె పత్రికలన్నిటా వచ్చింది. ప్రపంచ బ్యాంకు లెక్కలో 2011-12లో 28.8గా ఉన్న భారతదేశపు జినీ సూచిక 2022-23 నాటికి 25.5కు దిగిందట. సమానత్వంలో ప్రపంచాన మనది నాలుగవ స్థానమని ప్రభుత్వం ప్రకటించింది కూడా. చదివి సంతోషించబోయి ఆగాను. ముదిగొండవారు అడిగిన నేల ఈ లెక్కలో ఎక్కడ ఉన్నదని వెతికాను.

జినీ సూచిక 1912 నాటిది. ఇటలీ గణాంకవేత్త కొర్రాడో జినీ ప్రతిపాదించినది. అందరి వాటా సమానమైతే సున్న, సర్వమూ ఒక్కరి చేతిలోనే ఉంటే నూరు. సూత్రంలో దోషమేమీ లేదు. దానితో దేనిని కొలుస్తున్నామన్నదే ప్రశ్న. 1950లో మొదలైన మన జాతీయ నమూనా సర్వే ప్రధానంగా ఇంటి ఖర్చును అడుగుతుంది. బ్రెజిల్ వంటి లాటిన్ అమెరికా దేశాల సర్వేలు ఆదాయాన్ని అడుగుతాయి. ఈ రెండింటినీ ఒకే పట్టికలో పక్కపక్కన పేర్చడమంటే, ఒకరి ధాన్యాన్ని కుంచంతోనూ మరొకరి ధాన్యాన్ని మానికతోనూ కొలిచి, ఎవరి గాదె పెద్దదో తీర్పు చెప్పడమే.

ఒక ఊరిని ఊహించుకుందాం. ఒక కూలి కుటుంబం ఏడాదికి లక్ష రూపాయలు సంపాదించి, పదివేలు అప్పు చేసి, లక్షా పదివేలు ఖర్చు పెట్టింది. ఒక భూస్వామి పది లక్షలు గడించి, నాలుగు లక్షలు ఖర్చు చేసి, మిగిలినదానితో మరికొంత పొలం కొన్నాడు. ఆదాయంలో వారి మధ్య అంతరం పది రెట్లు. ఖర్చులో నాలుగు రెట్లైనా లేదు. కూలి చేసిన అప్పు, ఆసామి కొన్న పొలం, రెండూ కలిసి ఆ అంతరాన్ని తగ్గించి చూపాయి!

ఈ చిక్కు పండితులు ఎరుగనిది కాదు. క్లాస్ డైనింగర్, లిన్ స్క్వైర్ 1996లో అనేక దేశాల లెక్కలను ఒకచోట చేర్చినప్పుడు, ఖర్చు మీది జినీ ఆదాయపు జినీకన్నా సగటున 6.6 పాయింట్లు తక్కువగా ఉంటుందని గుర్తించారు. మన విషయంలో అంతరం ఇంకా పెద్దది. పైన చెప్పిన ప్రపంచ బ్యాంకు పత్రమే, భారతదేశపు ఆదాయ జినీ 2004లో 52 ఉండగా 2023 నాటికి 62కు పెరిగిందన్న మరొక అంచనానూ ఉదహరించింది. ఆ అంచనాలోనూ ఊహల పాలు ఉన్నది. వ్యవసాయాదాయానికి కేంద్ర ఆదాయపు పన్ను లేదు కనుక, నేల మీది రాబడి పన్ను లెక్కలకూ సరిగా చిక్కదు.

ఇక కారణాల సంగతి. దేశం ఎదిగే తొలిదశలో అసమానత పెరిగి, తరువాత తగ్గుతుందని సైమన్ కుజ్నెట్స్ 1955లో సూచించాడు. తన వ్యాసంలో ఆధారం అయిదు పాళ్ళు, ఊహ తొంభై అయిదు పాళ్ళని ఆయనే నిజాయితీగా ఒప్పుకున్నాడు. తరువాతివారు మాత్రం ఆ ఊహను సూత్రంగా వల్లించారు. కొరియా, తైవాన్‌లు ఆ సూత్రానికి లొంగలేదు. దక్షిణ కొరియా 1950లో సాగుభూమికి మూడు హెక్టార్ల, అనగా సుమారు ఏడున్నర ఎకరాల, పరిమితి విధించి కౌలురైతులకు నేల పంచింది. తదుపరి దశాబ్దాలలో వేగంగా ఎదిగినా, అక్కడి అసమానత లాటిన్ అమెరికా దేశాలంతగా పెరగలేదు.

మన 1973 నాటి భూ పరిమితి చట్టం అయిదుగురి కుటుంబానికి మాగాణి అయితే 10 నుండి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుండి 54 ఎకరాలు అనుమతించింది. చట్టం 1975 జనవరి 1న అమలులోకి వచ్చింది. మూడు దశాబ్దాల తరువాత కూడా భూముల సమస్యపై కోనేరు రంగారావు కమిటీని వేయవలసి వచ్చింది. ఆ కమిటీ 2006లో నివేదిక ఇచ్చింది. దాని సిఫారసులను అమలు చేయమన్నదే మరుసటి ఏటి ఉద్యమపు కోరికలలో ముఖ్యమైనది.

ముదిగొండ దాటి భద్రాచలం అడవుల వైపు వెళితే ఈ లెక్క మరింత పలచబడుతుంది. పోడు కొట్టుకొని బ్రతికే గిరిజనుడు తిన్న జొన్నలకు సర్వే ధర కట్టి ఖర్చులో కలుపుతుంది. ఆ పోడుకు అతని చేతిలో పట్టా ఉన్నదా లేదా అన్నది ఆ సూచికలోకి రాదు. అతని పిల్లల భవిష్యత్తు ఆధారపడినది మాత్రం ఆ పట్టా మీదనే.

25.5 అబద్ధమని నేననను. పేదల కంచంలోకి తిండి చేరడం చిన్న విషయమేమీ కాదు. అయితే అది కంచాల లెక్క. ముదిగొండలో ఏడుగురు ప్రాణాలు విడిచినది కంచం కింది నేల కోసం. ఇకమీదట ఎవరైనా అసమానత తగ్గిందని చెబితే, ఏ కుంచంతో కొలిచారని ఒక్కమాట అడగండి మిత్రులారా.